బావ చెవి, నా వేలు

మా బావని షెడ్డులో అందరూ ఠంగు మావ అంటారు. ఎవడు పెట్టాడో గానీ పేరు అతికినట్టు సరిపోయింది. కారులోంచి తీసిన టర్బోని తన పని బల్లకున్న ఇనప పట్టులో, అదే వైసులో బిగించి, రాగి సుత్తితో ఒక్కటి వేసి, ఆ ఠంగుమన్న మోత విని, "పై పక్క పట్టేసింది, కింద కాస్త ఒదులుంది" అని చెప్పేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అంతే. ముప్పై రెండేళ్ళుగా ఆయన చేసిన పని అదొక్కటే. బిగుసుకుపోయిన టర్బోలు విప్పడం. బిగించడం వేరేవాళ్ళ పని. "బిగించడానికేముందిరా, పాఠాలు చదివినవాడెవడైనా బిగిస్తాడు" అనేవాడు, బిగించేవాళ్ళకి వినపడేలా.

టర్బో అంటే తెలియనివాళ్ళకి ఒక్కమాట చెప్పాలి. రెండు నత్తగుల్లల్ని వీపూ వీపూ ఆనించి పెట్టినట్టుంటుంది. ఒక గుల్లలోంచి ఇంజను వదిలే మండే పొగ పోతూ లోపలి చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసుకి అటు చివరనున్న పంకా రెండో గుల్లలోంచి గాలిని ఇంజనులోకి తోస్తుంది. మధ్యలో ఇరుసుని పట్టుకునే దిమ్మ. పొగ గుల్ల పోత ఇనుము. పదేళ్ళు నిప్పులో కాలి, వానలో తడిసి, తుప్పు పట్టి, ఆ గుల్లా దిమ్మా ఒక్క ముక్క అయిపోతాయి. బోల్టులన్నీ తీసేసినా ఊడదు. లాగితే రాదు. స్క్రూడ్రైవరు దూర్చి మీటితే అంచు విరుగుతుంది. కసిగా కొడితే పగులుతుంది. మొండి పెళ్ళాన్ని బతిమాలినట్టు బతిమాలాలి అనేవాడు బావ. ఆ మాట మా అక్క ముందు అనేవాడు కాదు, అది వేరే సంగతి.

బతిమాలడం ఎలాగంటే, ముందు రెండు రోజులు తుప్పు వదిలించే నూనెలో నానబెట్టాలి. తర్వాత గ్యాస్ టార్చితో గుల్లని చుట్టూ సమంగా వేడిచేయాలి. అప్పుడు రాగి సుత్తితో చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న దెబ్బలు వేయాలి. పట్టు ఉన్నంతసేపు అది గట్టిగా ఖంగున మోగుతుంది. ఒక పక్క పట్టు వదిలిన క్షణాన ఆ మోత చచ్చిపోయి మొద్దుగా పలుకుతుంది. వెంటనే ఆగి ఎదురు పక్కకి వెళ్ళాలి. అక్కడే ఇంకో రెండు దెబ్బలు పడ్డాయా, గుల్ల వంకరగా జారి లోపలి చక్రం రెక్కలమీద కూర్చుంటుంది. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. రెక్కకి గోరంత గాటు పడినా ఇక పనికిరాదు. కంటికి ఏమీ కనపడదు, ఆ సందు వెంట్రుకంత కూడా ఉండదు. చేతికీ తెలియదు, మందపాటి తొడుగులుంటాయి. చెవి ఒక్కటే దారి.

ఆ చెవి పోయింది.

ఎందుకు పోయిందో కూడా చెప్తాను, చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్రైండర్లు, గాలి కంప్రెసరు, పక్కనే రేకులు కోసే మిషను. అందరం చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకునేవాళ్ళం. ఆయన పెట్టుకునేవాడు కాదు. "చెవులు మూసుకుంటే మోతెలా వినపడుతుందిరా తెలివైనోడా" అనేవాడు. ఆ మోత వినడం కోసం ముప్పై ఏళ్ళు చెవులు తెరిచి కూర్చున్నాడు, ఆ ముప్పై ఏళ్ళూ మిగతా మోతలన్నీ కలిసి చెవుల్ని తినేశాయి. ఎవరిమీద కోప్పడతాం?

నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి కరెంటు పోయి మిషన్లన్నీ ఆగాయి. షెడ్డంతా నిశ్శబ్దం. ఆయన ఒక టర్బో మీద కొడుతున్నాడు. మోత చచ్చిపోయింది, నాకే స్పష్టంగా తెలిసింది. ఆయన ఆగలేదు. నేను గబుక్కున సుత్తి పట్టుకున్నాను. ఆయన నావైపు తిరిగి, చాలాసేపు చూసి, "వదిలేసిందా?" అన్నాడు. ఆ మాట నన్ను అడగడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. 

చెవుల డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళ్ళొచ్చాం. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత తెలుస్తాయట గానీ, ఇనుము మోతలన్నీ ఒకేలా రేకుడబ్బాలో గులకరాళ్ళలా ఉంటాయట. వారం రోజులు ఇంట్లో పెట్టుకుని సొరుగులో పడేశాడు. "ఇది చెవికి పెట్టుకుని షెడ్డుకెళ్తే ఆ రోజే నా బల్ల పోతుంది" అన్నాడు. అదీ నిజమే. మా షెడ్డు ఓనరు ఒకావిడ, అందరం మేడమ్ అంటాం. మంచి మనిషే. కానీ వినపడనివాడి చేతికి గ్యాస్ టార్చి ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా. గొట్టంలోంచి గ్యాస్ బుస్సుమని కారితే వినపడాలి కదా. ఆమె కుర్చీలో నేనున్నా ఇవ్వను.

కానీ ఆ బల్ల లేకపోతే మా బావ లేడు. ఇదేమీ కవిత్వం కాదు, ఆ మనిషికి వేరే ఏమీ రాదు. పేకాట రాదు, సినిమాకెళ్తే నిద్రపోతాడు, ఇంట్లో బల్బు మార్చమంటే నన్ను పిలుస్తాడు. ఆదివారం వస్తే పంజరంలో ఉన్నట్టు గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. "సోమవారం ఎప్పుడొస్తుందా అని చూసే మగాణ్ణి మీ బావనే చూశాను" అంటుంది అక్క.

అందుకని మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన కొట్టేటప్పుడు నేను చెవుల్లో బిరడాలు తీసేసి, ఎదురుగా నిలబడి దిమ్మని పట్టుకారుతో పట్టుకుంటాను. నా ఎడమ చెయ్యి వైసు పిడిమీద ఉంటుంది. మోత మారిన క్షణం చూపుడువేలు కొంచెం లేపుతాను. ఆయన ఆగి ఎదురు పక్కకి వెళ్తాడు. మళ్ళీ లేపుతాను, మళ్ళీ మారతాడు. చూసేవాళ్ళకి ఆయన కళ్ళు సుత్తిమీద ఉన్నట్టే ఉంటాయి. నిజానికి నా వేలిమీద ఉంటాయి. మూడున్నరేళ్ళు అలా నడిపించాం. ఒక్క గుల్ల కూడా పగల్లేదు. వేరే ఊళ్ళ షెడ్లవాళ్ళు కూడా ఠంగు మావ దగ్గరికే పంపేవాళ్ళు.

మేడమ్‌కి అనుమానం లేకపోలేదు. "పిలిస్తే పలకడేంటి ఆయన?" అని అడిగేది. "పనిలో పడితే ఆయనకి లోకం పట్టదు మేడమ్" అనేవాణ్ణి. ఇంట్లో అక్కేమో, "నా మాట తప్ప లోకంలో అన్నీ వినపడతాయి ఈయనకి" అని అరిచేది. కొంచెం చెవుడొచ్చిందని ఆమెకి తెలుసు, వయసు మీద పడుతోంది అనుకుంది. పని నా వేలిమీద నడుస్తోందని మాత్రం తెలియదు. చెప్పొద్దని బావ నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఇక్కడే నా సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. మూడున్నరేళ్ళలో నన్నెవరూ ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఎలా మెచ్చుకుంటారు, తెలిస్తేగా! పొగడ్తలన్నీ ఆయనకి. నేను పట్టుకారు పట్టుకునే బావమరిదిని. తెలిసే చేశాను, ఇష్టంగానే చేశాను. అయినా లోపల ఎక్కడో ఒక ఉడుకు ఉండేది. ఉండేది అంతే.

మొన్న వానాకాలం మొదట్లో బ్రెడ్డాయన తన కారు తీసుకొచ్చాడు. పాత డీజిలు కారు, వెనక సీట్లు పీకేసి బ్రెడ్డు ట్రేలు పేర్చుకుని బడులకీ ఆసుపత్రులకీ వేసి వస్తాడు. కారెక్కితే ఇప్పటికీ వేడి బ్రెడ్డు వాసన. టర్బో అరుస్తోంది, నల్లపొగ కక్కుతోంది. ఆ మోడలు టర్బో ఇప్పుడు తయారు కావడం లేదు. గుల్లా, చక్రం రెండూ బాగుంటేనే బతికేది. మేడమ్ స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి, "ఇది మీరే విప్పాలి. ఇంకోటి దొరకదు, జాగ్రత్త" అంది. బావ ఆమె పెదాలు చూస్తూ తలూపాడు.

రెండు రోజులు నూనెలో నానింది. మూడో రోజు పదకొండింటికి టీ వచ్చింది. టీ తాగి మొదలుపెడదామనుకున్నాం. బ్రెడ్డాయన ఉన్నాడు, లేతు మిషను మీద కొత్తగా చేరినావిడ ఉంది, మేడమ్ కూడా గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆ రోజు బావకి హుషారెక్కువైంది. నా పాత కథ ఎత్తుకున్నాడు. నేను పనిలో చేరిన మొదటి నెలలో పంకా చక్రం నట్టు విప్పమంటే మామూలు మర అనుకుని తిప్పి ఇరుసు విరగ్గొట్టిన కథ. టర్బోలో ఆ నట్టు ఎడమ మర, విప్పాలంటే బిగించే వైపు తిప్పాలి. ప్రతి కొత్తవాడూ ఒకసారి చేసే తప్పే. వందసార్లు చెప్పుంటాడు ఈ కథ, నాకూ నవ్వొచ్చేది. కానీ ఆ రోజు ఇంకో ముక్క కలిపాడు.

"వీడికి చెయ్యీ లేదు, చెవీ లేదు మేడమ్! ఇరవై నాలుగేళ్ళు నా పక్కన నిలబడ్డాడు, ఇప్పటికీ మోత మారితే తెలీదు. మా ఆవిడ మొహం చూసి పెట్టుకున్నాను."

అందరూ నవ్వారు. లేతు ఆవిడ టీ పొలమారేలా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. చెవి లేదా నాకు? నాకా? ఆ మాట ఆయన ఎందుకన్నాడో నాకు సాయంత్రానికి అర్థమైంది. మేడమ్ ముందు తన చెవి బాగుందని చూపించుకోవడానికి అన్నాడు. భయంతో అన్నాడు. కానీ పదకొండింటికి నాకు అర్థం కాలేదు. 

టార్చి వెలిగించాడు. గుల్ల చుట్టూ తిప్పి తిప్పి వేడిచేశాడు. చేతివాటం మాత్రం ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది. టార్చి ఆర్పి సుత్తి అందుకున్నాడు. నేను పట్టుకారు పట్టుకున్నాను. చెయ్యి వైసు పిడిమీదే ఉంది. ఠంగు, ఠంగు, ఠంగు. ఆరో దెబ్బకో ఏడో దెబ్బకో మోత మారింది. నేను విన్నాను. చాలా స్పష్టంగా విన్నాను.

వేలు లేపలేదు.

'చెవి లేదుగా నాకు' అనుకున్నాను. అంతే. ఇప్పటికీ నేను ఎన్నిసార్లు నన్ను నిలదీసుకున్నా అంతకుమించి కారణం దొరకదు. ఆయన్ని ముంచాలని కాదు, కారు పాడవ్వాలని కాదు. ఒక్క క్షణం ఆయన నన్ను వెతుక్కోవాలి, అంతే అనుకున్నాను. ఒక దెబ్బ పడింది. రెండోది పడింది. మూడోది పడుతుండగా వేలు లేపాను. అప్పటికే లోపల టిక్ మని చిన్న చప్పుడు. టీ వేళ మిషన్లన్నీ ఆగి ఉన్నాయి, ఆ చప్పుడు షెడ్డులో అందరికీ వినపడింది, ఒక్క ఆయనకి తప్ప. నా వేలు చూసి తృప్తిగా ఎదురు పక్కకి మారి ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. తర్వాత తలెత్తి మా మొహాలు చూశాడు.

గుల్ల ఊడొచ్చింది. చక్రం మీద రెండు రెక్కలకి అంచులు లేచిపోయాయి. గుల్ల పెదవి మీద సన్నటి పగులు, నూనె పట్టి నల్లగా గీతలా కనిపిస్తోంది. బావ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్రెడ్డాయన వెళ్ళి తన కారు పక్కన నిలబడ్డాడు. ఆయన తిట్టినా బాగుండేది.

మేడమ్ నెమ్మదిగానే మాట్లాడింది. "అంత స్పష్టంగా చప్పుడొచ్చాక కూడా ఎలా కొట్టారండీ? మీకు వినపడటం లేదు. కదూ?" బావ ఆమె పెదాలనే చూస్తున్నాడు గానీ ఆమె తల వంచుకుని మాట్లాడుతోంది. "రేపట్నుంచి కడిగే తొట్టి దగ్గర ఉండండి. టార్చి ముట్టుకోవద్దు. జీతం తగ్గించను" అని వెళ్ళిపోయింది.

బావ నా భుజం తట్టాడు. "ఏమంది?"

నేనే చెప్పాల్సొచ్చింది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, అందరూ చూస్తుండగా, గట్టిగా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. "తొట్టి దగ్గరట బావా. కడిగే తొట్టి దగ్గర." ఆయన అలాగే అన్నట్టు తలూపి, తొడుగులు తీసి, ఒకదాంట్లో ఒకటి మడిచి బల్లమీద పెట్టాడు.

మర్నాటి నుంచి తొట్టి దగ్గర స్టూలు మీద కూర్చుని, కిరసనాయిల్లో బోల్టులు రుద్దుతున్నాడు. మూడు రోజులు చూశాను.  చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళాను. ఏమని చెప్పాలి? షెడ్డులో చెప్పాలంటే అరిచి చెప్పాలి, అందరూ వింటారు. ఇంట్లో అయితే అక్క వింటుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పుకునే మాట అది, నెమ్మదిగా చెప్తే ఆయనకి వినపడదు. కాగితం మీద రాద్దామని రాశాను కూడా. చింపేశాను. మేడమ్‌తో చెప్పినా లాభం లేదు. నా తప్పు బయటపడితే ఆయన చెవుడు ఇంకా గట్టిగా రుజువవుతుంది. ఎటు తిరిగినా గోడే.

నాలుగో రోజు ఆయనే నన్ను పక్కకి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఒరేయ్, నీకొకటి చెప్పాలి. మీ అక్కకి చెప్పకు. ఆ రోజు నీ వేలు నాకు కనపడలేదురా. నువ్వు లేపే ఉంటావు. నాకే ఆలస్యంగా కనపడింది. మూడు దెబ్బలు పోయాక చూశాను." "కళ్ళు కూడా పోతున్నాయేమోరా" అన్నాడు. "చెవులు పోయినా ఏదోలా లాక్కొచ్చాను. కళ్ళు పోతే ఏం చేస్తాను చెప్పు? బోల్టు కూడా కడగలేను."

 అప్పుడైనా చెప్పాలి కదా, వెధవని! చెప్పకపోగా, "ఛ, ఏం కాదులే బావా, అలసటేమో" అన్నాను. వినపడక, "ఆఁ?" అన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు.

గురువారం వెళ్ళాం. నీలం గోడల గది, ఎత్తు కుర్చీ, ఎదురుగా అక్షరాల బోర్డు. డాక్టరమ్మ ఆయనకి చెప్పాల్సినవన్నీ నాకు చెప్పేది, నేను ఆయన చెవిలో అరిచేవాణ్ణి. బయట కూర్చున్నవాళ్ళందరూ మా కేసు విన్నారు. కుడి కన్ను మూసి చదవమంది. ఎడమ కన్ను మూసి చదవమంది. ఆయన కింది వరసతో మొదలుపెట్టి, ఆ కింద బోర్డు అచ్చేసిన ప్రెస్సువాళ్ళ పేరు కూడా చదివేశాడు. డాక్టరమ్మ నవ్వింది. కళ్ళలో మందు వేసి, లైటు వేసి లోపలంతా చూసింది. తర్వాత పక్క చూపు చూస్తానంది. ఆయన్ని తన ముక్కు వంకే చూడమని, తన చేతులు రెండు పక్కలా చాచి, ఎక్కడ వేలు కదిలితే అక్కడ చెప్పమంది.

కుడిపక్క కదిలించింది. "ఇటు" అన్నాడు. ఎడమ కింద. "ఇటు." పైన, ఇంకా దూరంగా, నాకే సరిగ్గా కనపడనంత కొద్దిగా. "ఇటు." ఒక్కటి తప్పలేదు, ఒక్కదానికి ఆలస్యం లేదు. ప్రతి 'ఇటు'కీ నేను కుర్చీలో ఇంకొంచెం కిందకి దిగిపోయాను.

"ఈయన కళ్ళకేంటండీ, నిక్షేపంలా ఉన్నాయి! ఈ వయసులో ఇంత చూపు నేను చూడలేదు" అంది డాక్టరమ్మ. "చెప్పండి ఆయనకి."

ఆయన నా వంక చూస్తున్నాడు. నేను చెప్పాలని ఎదురుచూస్తున్నాడు. ఆయన చెవి దగ్గరికి వంగాను. చెప్పనవసరం లేకపోయింది. డాక్టరమ్మ నవ్వు ఆయన చూశాడు. కళ్ళు బాగున్నాయని ఆ నవ్వులోనే తెలిసింది. అప్పుడు ఆయన నా మొహం చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. చాలా బాగా కనపడే కళ్ళు కదా. నా మొహంలో ఏముందో అంతా చదువుకున్నాడు.

 మందు వేసినందుకు ఎండ పడక దారంతా చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. నేను తిట్లకోసం ఎదురుచూశాను. కాలరు పట్టుకుంటాడనుకున్నాను, పట్టుకుంటే బాగుండుననుకున్నాను. ఇంటి మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. కళ్ళ ఆసుపత్రికి వెళ్ళామని ఎవరో చెప్పేశారు. ఏడుపు మొహంతో, "ఏమైందిరా? ఏమన్నారు?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను, ఒట్టు.

బావ అడ్డం వచ్చాడు. "చూపు తగ్గిందంట" అన్నాడు అక్కతో. వినపడనివాళ్ళ గొంతు కదా, వీధంతా వినపడింది. "పక్కలవి కనపడవంట నాకు. ఆ రోజు వీడు లేకపోతే ఇంకా ఘోరమయ్యేది. వీడు చెప్తూనే ఉన్నాడు, నేనే చూసుకోలేదు." తర్వాత నావైపు తిరిగి, "అంతేగా రా?" అన్నాడు.

అక్క నా వంక చూస్తోంది. ఆయనా చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. నిజం తెలిసి అక్క నా మొహం చూడకుండా పోయే రోజు రాకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు, నాతో ఒక్కమాట కూడా అనకుండానే. ఆ మర్నాడు మేడమ్‌తో కూడా అదే చెప్పాడు. చెవులే కాదు, కళ్ళు కూడా మందగించాయని. ఇక ఆ బల్ల దగ్గరికి ఆయన తిరిగి వచ్చే దారి తనే మూసేసుకున్నాడు.

"అవునక్కా" అన్నాను.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఒక మెట్టు దిగి, ఆయన చెయ్యి పట్టుకుంది. "చూసుకుని ఎక్కండి, ఇక్కడ మెట్టుంది" అని చెవి దగ్గర అరిచి చెప్పింది. గోడమీద చీమ పాకితే కనపడే మనిషి. ఆ రోజు నుంచి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్క ఆయన చెయ్యి పట్టుకుంటుంది. ఆయన పట్టుకోనిస్తాడు.